ఇంట్లో గాలి బాగుండాలంటే ఏం చేయాలి? శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు మన రెండు జిల్లాల ఇళ్లలో మాటల మధ్య వచ్చేవే. జవాబులు చదివే ముందు ఒక వరుస మనసులో పెట్టుకోండి. పొగ, దుమ్ము ఇంట్లో పుట్టకుండా చూడడం మొదటి పని. ఆపలేనిదాన్ని పుట్టిన చోటినుంచే బయటికి పంపడం రెండోది. మెషిన్లు కొనడం ఆ తర్వాతి సంగతి. డబ్బు కూడా ఇదే వరుసలో ఖర్చు పెట్టాలి.

మనదేమీ ఢిల్లీ కాదు, పక్కనే సముద్రం. మనకు గాలి సమస్య ఏముంటుంది?

సముద్రపు గాలి మనకు నిజంగా వరమే. అయినా గాలి ప్రమాణాలు దాటిన నగరాల కోసం కేంద్రం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెడితే, ఆ జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ చేరాయి. రోడ్ల దుమ్ము, లారీలు, ఊక కాల్చే రైస్ మిల్లులు, టెక్కలి వైపు గ్రానైట్, గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్, పలాసలో జీడి బట్టీలు... ఒక్కో ఊరికి ఒక్కో కారణం.

అయితే మనం రోజులో ఎక్కువ గంటలు పీల్చేది ఇంట్లో గాలి. బయటి దుమ్ము లోపలికి రానే వస్తుంది, దానికి మన పొయ్యి, మన కాయిల్, మన అగరబత్తి తోడవుతాయి. కట్టెల పొయ్యి వెలిగే మూసిన వంటింట్లో వంట జరిగినంతసేపూ సన్న ధూళి (దీన్నే పీఎం 2.5 అంటారు) ఘనమీటరుకు వందల మైక్రోగ్రాములు ఉంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు 60 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు అయితే 15 మాత్రమే. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ఆ సంస్థ అంచనా. పొయ్యి దగ్గర కూర్చునే ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో, పక్కన ఉండే పిల్లలే ఈ పొగ ఎక్కువగా పీలుస్తారు.

పీఎం 2.5 అంటే ఏమిటి?

2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నగా ఉండే ధూళి. తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ముక్కులో, గొంతులో ఆగదు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తుంది, అక్కణ్నుంచి కొంత రక్తంలోకీ చేరుతుంది. అందుకే పొగవల్ల వచ్చే జబ్బుల్లో దగ్గు, ఆయాసంతోపాటు గుండెపోటు, పక్షవాతం కూడా ఉన్నాయి.

గ్యాస్ ఉంది. కానీ స్నానాలకు నీళ్లు కాచడానికి, పశువుల కుడితికి కట్టెల పొయ్యి తప్పట్లేదు. పర్లేదా?

మన పల్లెల్లో ఎక్కువ ఇళ్ల పరిస్థితి ఇదే. సిలిండర్ ఉంటుంది, కాఫీకి, పిల్లల టిఫిన్‌కి వాడతారు. అన్నం, నీళ్లు, కుడితి మాత్రం కర్రల మీదే. సగం వంట గ్యాస్‌కి మారినంత మాత్రాన ఊపిరితిత్తులకు దక్కేది కొంచెమే. లాభం కనిపించాలంటే వంట మొత్తం మారాలి.

ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకాన్ని 2024 నవంబర్ 1న మొదలుపెట్టింది మన ఇచ్ఛాపురం దగ్గరి ఈదుపురంలోనే. అర్హత ఉండి ఇంకా తీసుకోనివాళ్లు గ్యాస్ ఏజెన్సీలోనో సచివాలయంలోనో అడగండి. మూడు సిలిండర్లు నలుగురున్న ఇంటికి ఏడాదంతా చాలవు. అందుకని వాటిని వంటకే అట్టిపెట్టి, నీళ్లు కాచే పొయ్యిని ఇంటికి దూరంగా పెరట్లోకి మార్చమంటాను. గోడకు ఆనించి, కిటికీ కింద పెట్టిన పొయ్యి పెరట్లో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే. పొగ మొత్తం ఆ కిటికీలోంచే లోపలికి వస్తుంది.

కర్రలు బాగా ఎండాలి. పచ్చి సరుగుడు కర్రలు, వానకు తడిసిన కొబ్బరి మట్టలు మంటకన్నా పొగే ఎక్కువ ఇస్తాయి. వానాకాలం రాకముందే రేకు కింద పేర్చి, గాలి ఆడేలా నేలనుంచి ఎత్తుగా పెట్టుకోండి. ఇక పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల చవగ్గా దొరికే జీడిపిక్కల తొక్కలు మాత్రం ఇంటి పొయ్యిలో వేయొద్దు. వాటిలో ఉండే జీడినూనె చేతికి తగిలితేనే బొబ్బలు లేస్తాయి. దాని పొగ కళ్లకూ గొంతుకూ ఎంత చెడ్డదో ఆ ఊళ్లవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ కవర్లతో మంట అంటించడం కూడా ఈరోజుతో మానేయండి.

గ్యాస్ పొయ్యి ఉన్నాక ఇంకా చిమ్నీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎందుకు?

గ్యాస్ మంటనుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, అది ఉబ్బసం ఉన్న పిల్లలకు పడదు. చేపలు వేయించేటప్పుడు, ఎండుమిరపకాయల పోపు వేసేటప్పుడు వచ్చే నూనె పొగలో సన్న ధూళి బాగా ఉంటుంది. ఇండక్షన్ స్టవ్ మీద వేయించినా ఈ నూనె పొగ వస్తుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలా ఇళ్లలో ఉంటుంది, పనిచేసేది తక్కువ. ఈమధ్య విజయనగరంలో తెలిసినవాళ్ల వంటింట్లో చూశాను. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, పోపు పొగ మాత్రం హాల్లోకి వస్తోంది. స్టూలెక్కి చూస్తే వెనకాల రెక్కల తలుపులు జిడ్డుకు అతుక్కుపోయి ఉన్నాయి. బయటివైపు పావురాలు రాకుండా కట్టిన అట్టముక్క అలాగే ఉంది. వేడినీళ్లలో సర్ఫు వేసి జిడ్డు కడిగి, అట్ట తీసి జాలీ కొట్టించారు. ఖర్చు జాలీకి అయిందే.

మీ ఇంట్లో ఫ్యాన్ లాగుతోందో లేదో తెలుసుకోడానికి ఒక చిన్న కాగితం ముక్క దాని దగ్గర పట్టుకోండి. కాగితం అటువైపు లాక్కుపోవాలి. ఇంకో సంగతి, గాలి బయటికి పోవాలంటే ఎక్కడినుంచో లోపలికి రావాలి. ఫ్యాన్‌కి ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో కొంచెం తెరిచి ఉంచండి, ఫ్యాన్ పక్కనే ఉన్న కిటికీ మూసేయండి. పక్క కిటికీ తెరిచి ఉంటే ఫ్యాన్ ఆ గాలినే లాగి వదులుతుంది, పొయ్యి మీది పొగ అలాగే ఉంటుంది. వంట మొదలవకముందే ఆన్ చేసి, అయ్యాక పది పదిహేను నిమిషాలు తిరగనివ్వండి.

చిమ్నీ కొంటే గొట్టం బయటికి పెట్టేదే తీసుకోండి. గొట్టం లేని రకం వడపోసిన గాలిని మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. దానితో జిడ్డు తగ్గొచ్చు, వేడీ వాయువులూ ఎక్కడికీ పోవు.

దోమల కాయిల్ లేకుండా ఎలా పడుకోవాలి?

ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చింది. తలుపులు బిగించి, మంచం కింద కాయిల్ పెట్టి, పిల్లల్ని పక్కన పడుకోబెట్టే ఇళ్లు ఎన్నో. కోడిగుడ్ల అట్టలు, వేపాకు కాల్చడం కూడా అంతే. వేపాకు మంచిదే, కానీ ఏ ఆకు కాల్చినా వచ్చేది పొగే.

దోమతెర వాడండి. ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలీదు. మలేరియా, డెంగీ రెండూ ఉన్న ప్రాంతం మనది, దోమల్ని వదిలేయమని ఎవరూ చెప్పలేరు. కిటికీలకు జాలీలు కొట్టించండి, సాయంత్రం చీకటి పడకముందే తలుపులు వేయండి, కుండీల్లో, డ్రమ్ముల్లో, పాత టైర్లలో నీళ్లు వారానికోసారి పారబోయండి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగలు పడుకునే చంటిపిల్లలకూ తెర కావాలి. ప్లగ్‌కి పెట్టే లిక్విడ్ కాయిల్‌కన్నా నయం, పొగ రాదు. అయినా అది మందే, మూసిన గదిలో రాత్రంతా వెలిగించి ఉంచొద్దు.

సాంబ్రాణి, అగరబత్తి, కర్పూరం కూడా మానేయాలా?

మానేయమని చెప్పను. పూజ పూజే. ఒక అగరబత్తి చాలు, గుత్తిగా వెలిగించొద్దు. శుక్రవారం సాంబ్రాణి వేసేటప్పుడు కిటికీలు తెరిచి, ఉబ్బసం ఉన్నవాళ్లను, గర్భిణిని కాసేపు బయట కూర్చోమనండి. రోజూ పెట్టడానికి నూనె దీపం, పూలు ఉన్నాయి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. చంటిబిడ్డకు తలంటు పోశాక సాంబ్రాణి పొగ పట్టడం వద్దు. జలుబు చేయకూడదనే పడతారు, ప్రేమతోనే. కానీ కొన్ని వారాల బిడ్డ ఊపిరితిత్తులు ఆ పొగకు తట్టుకోలేవు. మెత్తటి పొడిబట్టతో తల బాగా తుడిచి, కాసేపు ఒళ్లో వెచ్చగా పెట్టుకుంటే చాలు.

బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెడతారు. అది మంచిదేనా?

కాదు. ఈ పేజీలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన లేవు. మనం పీల్చే ఆక్సిజన్ రక్తంలో ఎక్కడ అంటుకోవాలో అక్కడ ఇది 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రలో ఉంటే అవీ తెలియవు. నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నాయంటే ప్రమాదం లేదని మనవాళ్లు అనుకుంటారు. పొగ లేని నిప్పులనుంచే ఈ వాయువు ఎక్కువగా వస్తుంది.

బాలింతకు వెచ్చదనం కావాలంటే దుప్పట్లు, వేడినీళ్ల సంచీ, ఎండ ఉన్నాయి. అత్తగారో అమ్మమ్మో పట్టుబడితే వాదన పెంచకండి, ఆశా కార్యకర్తతోనో ఏఎన్‌ఎంతోనో ఒక మాట చెప్పించండి. పెద్దవాళ్లు వాళ్ల మాట వింటారు.

తుపాను రోజుల్లో జనరేటర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మనకు రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్‌ని వరండాలో, మెట్ల కింద, కిటికీ పక్కన ఎప్పుడూ పెట్టొద్దు. వాన పడుతున్నా సరే, ఇంటికి దూరంగా, పైన రేకు అడ్డం పెట్టి నడపాలి. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు దాన్ని బయటి గోడకు మార్పించుకోండి.

కుంపటి, జనరేటర్, గ్యాస్ గీజర్ వాడే ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వాంతులు వస్తే ముందు అందరూ బయటికి రండి, తర్వాత 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ చూసి నమ్మకండి. ఈ వాయువు రక్తంలో ఉన్నప్పుడు ఆ మీటర్ బాగానే ఉందని చూపిస్తుంది.

మా మామ్మ అడ్డపొగ మానదు. ఇంట్లో చంటిపిల్లలున్నారు. ఏం చేయమంటారు?

చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఈ అలవాటు మన తీరప్రాంత పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లలో ఇంకా ఉంది. అంగిలి మీద పుండ్లు, అంగిలి క్యాన్సర్ దీనివల్ల వస్తాయని వైద్యులు ఎన్నో ఏళ్లుగా చెప్తున్నారు. ఆవిడ నోట్లో తెల్ల మచ్చలు, మానని పుండు ఉంటే వెంటనే పళ్ల డాక్టరుకి చూపించండి.

ఆవిడకు కోపం తెప్పించి లాభం లేదు. ఇంట్లో కాకుండా అరుగు మీద కాల్చుకోమనండి, కాల్చాక చేతులు, నోరు కడుక్కుని పిల్లల్ని ఎత్తుకోమనండి. మనవడి కోసం అంటే చాలామంది ఒప్పుకుంటారు. మగవాళ్ల బీడీ, సిగరెట్‌కీ ఇదే మాట. పక్కగదిలో కాల్చినా, ఫ్యాన్ కింద కాల్చినా ఇంట్లో కాల్చినట్టే లెక్క.

ఏసీ గదిలో గాలి శుభ్రంగానే ఉంటుంది కదా?

చల్లగా ఉంటుంది. స్ప్లిట్ ఏసీ బయటినుంచి కొత్త గాలి తీసుకోదు, గదిలో గాలినే తిప్పుతుంది. నలుగురు ఒకే గదిలో రాత్రంతా తలుపులు మూసుకుని పడుకుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి తెల్లారేసరికి తల బరువుగా ఉంటుంది. పడుకునే ముందు పది నిమిషాలు కిటికీలు తెరవండి, రాత్రి తలుపు కొంచెం ఓరగా ఉంచండి. ఫిల్టర్ జాలీని సీజన్‌లో రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టండి.

వానాకాలం గోడలకు నల్లగా బూజు పడుతోంది. రంగు వేయిస్తే పోతుందా?

ఒక్క సీజన్ కనపడదు, మళ్లీ వస్తుంది. బూజుకు కావాల్సింది చెమ్మ. ఆ చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలి. స్లాబ్ పగులా, పిట్టగోడ దగ్గర నీళ్లు నిలుస్తున్నాయా, బాత్రూం గోడలో పైపు కారుతోందా, నేలనుంచి పైకి ఎక్కుతోందా చూడండి. అడుగునుంచి మూడు నాలుగడుగుల ఎత్తుదాకానే పెచ్చులూడి ఉప్పు తేలుతుంటే అది నేల చెమ్మ. పైనుంచి మరకలు దిగుతుంటే స్లాబు. మేస్త్రీని పిలిచే ముందు ఇది మీరే చూసి పెట్టుకుంటే డబ్బు ఆదా.

బూజును పొడిగా గీకొద్దు, గదంతా ఎగురుతుంది. ముక్కుకు మాస్కు పెట్టుకుని, సబ్బునీళ్లతో తడిపి తుడిచి, ఫ్యాన్ వేసి ఆరబెట్టండి. బ్లీచింగ్ వాడితే దాంట్లో బాత్రూం యాసిడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. బీరువాను గోడకు నాలుగు వేళ్లు ఎడంగా జరపండి. గదిలో తడిబట్టలు ఆరేయడం తగ్గించండి. తుపాను నీళ్లకు తడిసిన పరుపు, దిండు ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఆరకపోతే పారేయక తప్పదు. మనసొప్పదు, తెలుసు. లోపల పట్టిన బూజు మాత్రం ఎండకు పోదు.

మాది సిమెంటు రేకుల ఇల్లు. దానివల్ల ప్రమాదమా?

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కదలకుండా, పగలకుండా పైనున్న రేకుతో భయం తక్కువ. కోసినప్పుడు, కన్నాలు వేసినప్పుడు, విరగ్గొట్టినప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, దాని జబ్బు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. తుపానుకు పగిలిన రేకుల్ని నీళ్లు చల్లి తడిపి, ముక్కలు చేయకుండా ఎత్తండి. వాటిని పొడి చేసి గుంతల్లో, వాకిట్లో పరవొద్దు. పిల్లలు ఆడుకునే చోట అసలే వద్దు.

ఇంట్లో మొక్కలు పెడితే గాలి శుభ్రమవుతుందంటారు, నిజమేనా?

1989లో నాసా మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగంనుంచి ఈ మాట పుట్టింది. ఇల్లు అలాంటి పెట్టె కాదు. తలుపుల సందుల్లోంచి మారే గాలితో సమానంగా మొక్కలు పనిచేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలైనా కావాలని 2019లో మరో పరిశీలన లెక్కగట్టింది. అందం కోసం, మనసుకు హాయి కోసం పెంచుకోండి. కుండీ మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే అక్కడా బూజే, పళ్లెంలో నీళ్లు నిలిస్తే దోమలే.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా?

మన ఊళ్లలో చాలా ఇళ్లకు అవసరం లేదు. ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరితిత్తుల గొట్టాలు ఇరుకై ఆయాసం వదలని జబ్బు), గుండెజబ్బు ఉన్నవాళ్లు, క్రషర్ పక్కనో హైవే మీదనో ఇల్లున్నవాళ్లు పడగ్గదికి ఒకటి తీసుకోవచ్చు. సన్న ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి. గంటకు ఎంత గాలి శుభ్రం చేస్తుందో చెప్పే సీఏడీఆర్ అంకె చూడండి. పది, పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తు అయితే సుమారు 34 ఘనమీటర్లు. ఆ గాలి గంటకు ఐదుసార్లు తిరగాలంటే సీఏడీఆర్ గంటకు 170 ఘనమీటర్లు ఉన్నది కావాలి. ఓజోన్ వదిలేవి కొనొద్దు. ఫిల్టర్ మార్చే ఖర్చు ముందే అడగండి. కిటికీ తీసి పెట్టి ఇది వేస్తే లాభం లేదు, ఇంట్లో పొగ పెడుతూ వేసినా లాభం లేదు.

కిటికీలు ఏ వేళలో తెరవాలి?

ఎండాకాలం మధ్యాహ్నం నుంచి సాయంత్రందాకా సముద్రపు గాలి తోలుతుంది. అప్పుడు తూర్పు, దక్షిణం కిటికీలు, వాటికి ఎదురు కిటికీలు తెరిస్తే ఇల్లు ఖాళీ అయినట్టు గాలి మారిపోతుంది. చలికాలం తెల్లవారుజామున మాత్రం పొగ పైకి లేవకుండా నేలమీదే నిలుస్తుంది. ఊళ్లో చెత్త మంటలు, పొయ్యి పొగ, మంచు అన్నీ కలిసి ఉంటాయి. ధనుర్మాసం, సంక్రాంతి రోజుల్లో ఎండెక్కాక, తొమ్మిది పది గంటలకు తెరవండి. భోగి మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేయనివ్వకండి. పిడకలు, తాటాకులు, కర్రలు ఉన్నాయిగా.

ఊడ్చితే దుమ్ము లేస్తోంది.

కొండ చీపురుతో విసురుగా కాకుండా నెమ్మదిగా, లేదంటే తడిగుడ్డతో తుడవండి. ఫ్యాన్ ఆపి ఊడ్చండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో వేస్తే దుమ్ము పురుగులు తగ్గుతాయి.

కొత్త రంగులు, కలరా ఉండలు?

రంగు వేసిన గదిలో వాసన పోయేదాకా, కనీసం కొన్ని రోజులు, పిల్లల్ని పడుకోబెట్టొద్దు. 2017 నవంబర్ తర్వాత తయారైన రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని నిబంధన ఉంది. డబ్బా మీద అది రాసి ఉందో లేదో చూడండి. పాత తలుపుల రంగు గీకేటప్పుడు తడిపి గీకించండి. చంటిపిల్లల బట్టల్లో కలరా ఉండలు వేయొద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న బిడ్డకు ఆ నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు పగిలిపోయి కామెర్లు వస్తాయి. ఆ లోపం ఉందని ముందుగా చాలామందికి తెలియదు.

గ్యాస్ వాసన వస్తే ముందు ఏం చేయాలి?

స్విచ్ వేయొద్దు, ఆపొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వేయొద్దు. రెగ్యులేటర్ ఆపి, తలుపులన్నీ తెరవండి. గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుంటుంది కాబట్టి కిటికీ ఒక్కటే చాలదు, గడప తలుపు తెరవాలి. బయటికొచ్చి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.

దగ్గు తగ్గట్లేదు. పొగ వల్లేనని ఎలా తెలుస్తుంది?

రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. అది కాదని తేలాక, మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే కళ్లె, పిల్లికూతలు ఉంటే స్పైరోమెట్రీ అడగండి. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష అది, నొప్పి ఉండదు.

జీవితంలో బీడీ ముట్టని ఆడవాళ్లకు కూడా కట్టెల పొగ వల్ల సీఓపీడీ వస్తుంది. డాక్టరు "పొగ తాగుతారా?" అని అడిగితే "లేదండీ" అని ఊరుకోకుండా, ఎన్నేళ్లు పొయ్యి ఊదారో, ఇప్పుడు దేనిమీద వండుతున్నారో, రాత్రి కాయిల్ పెడతారో లేదో అన్నీ చెప్పండి. అమ్మనో అత్తగారినో తీసుకెళ్తే, వాళ్లు మొహమాటపడతారు కాబట్టి ఆ మాట మీరే చెప్పండి.